పొలంలో ఉన్న సహజ అడవిని కాపాడితే కార్బన్ క్రెడిట్లు వస్తాయా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాకు ఉమ్మడిగా 40 ఎకరాల భూమి ఉంది. అందులో దాదాపు 12 ఎకరాలు వాగు వెంబడి వాలుగా, రాతినేలగా ఉండడం వల్ల ఏనాడూ సాగులోకి రాలేదు. అక్కడున్నది ఎవరూ నాటకుండా తనంతట తాను పెరిగిన అడవి. లోపలి భాగంలో పెద్ద చెట్లు, వాటి నీడన పొదలు, తీగలు, చీలమండ లోతున పేరుకున్న ఎండుటాకులు ఉంటాయి. అంచుల్లో దాదాపు 4 ఎకరాల మేర పశువులు మేస్తుంటాయి కనుక మొలకలు మోకాలి ఎత్తు దాటవు. వంగి చూస్తే ఒక్కో మొలక మొదలు బొటనవేలంత లావున ఉంటుంది, పైన మాత్రం కొరికిన కొనలే కనిపిస్తాయి. అవి నిన్న మొన్న పుట్టినవి కావని, ఏళ్ల తరబడి పైకి లేవబోయి ఆగిపోతున్న చెట్లని నాకు ఈమధ్యే అర్థమైంది.

నెల క్రితం ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, "మీరు చేయవలసింది ఏమీ లేదు, ఉన్న అడవిని ఉన్నట్లు ఉంచితే చాలు, 12 ఎకరాలకూ ఏటా కార్బన్ క్రెడిట్ల సొమ్ము వస్తుంది" అని చెప్పి, 40 ఏళ్ల ఒప్పందం ముసాయిదా ఇచ్చి వెళ్లారు. దాన్ని రెండుసార్లు చదివినా నాకు మూడు సంగతులు తేలలేదు. ఇప్పటికే నిలబడి ఉన్న చెట్లకు నిజంగా క్రెడిట్లు ఇస్తారా? చెట్టులో ఎంత కార్బన్ ఉందో ఎలా లెక్కకడతారు? 40 ఏళ్ల మాటకు మా పిల్లలు కూడా కట్టుబడి ఉండాలా? ఇవి చాలక, బంధువు ఒకరు "పాత అడవిని కొట్టేసి కొత్తగా మొక్కలు నాటితే క్రెడిట్లు ఎక్కువ వస్తాయట" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు స్థిమితంగా లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (కార్బన్ ప్రాజెక్టుల పరిశీలనలో పనిచేసినవారు)

ముందుగా మీ బంధువు చెప్పిన మాట సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది అన్నిటికంటే ప్రమాదకరమైనది. దయచేసి ఒక్క కొమ్మ కూడా కొట్టవద్దు. క్రెడిట్ల కోసం సహజ అడవిని తొలగించి మళ్లీ నాటే పనిని అడ్డుకోవడానికే నిబంధనలు ఉన్నాయి. చట్టం బలవంతం లేకుండా సంస్థలు తమంతట తాము క్రెడిట్లు కొనే స్వచ్ఛంద మార్కెట్‌లో ఎక్కువగా వాడే వెరా సంస్థ ప్రమాణం ప్రకారం, ప్రాజెక్టు మొదలయ్యే నాటికి ముందు 10 ఏళ్లలోపు సహజ అడవిని కొట్టేసిన భూమికి అర్హత ఉండదు. ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలన్నీ భద్రంగా ఉంటాయి కనుక దాచడమూ సాధ్యం కాదు. నిబంధన లేకపోయినా లెక్క నిలవదు: పెద్ద చెట్టును నరికితే దశాబ్దాలపాటు కూడబెట్టిన కార్బన్ చాలావరకు కొన్నేళ్లలోనే గాలిలో కలుస్తుంది, కొత్త మొక్క దాన్ని తిరిగి పట్టుకోవడానికి మళ్లీ అన్ని దశాబ్దాలూ పడుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక మెట్రిక్ టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను వాతావరణం నుంచి తీసివేసినట్లు, లేదా వాతావరణంలోకి వెళ్లకుండా ఆపినట్లు ఇచ్చే పత్రం. ఈ ప్రాజెక్టు లేకపోతే జరిగేదానికీ, ఉండడం వల్ల జరిగినదానికీ మధ్య ఉన్న తేడాకే క్రెడిట్ ఇస్తారు. దీన్నే ఈ రంగంలో అదనపుదనం అంటారు. మీ లోపలి 8 ఎకరాల అడవిని తీసుకుంటే, దాన్ని మీ కుటుంబం ఏనాడూ నరకలేదు, నరికే ఆలోచన కూడా ఎవరికీ లేదు. ఒప్పందం ఉన్నా లేకపోయినా అది నిలబడే ఉంటుంది. అంటే తేడా సున్నా. ఇది మీ మంచితనానికి శిక్షలా అనిపిస్తుందని నాకు తెలుసు, చాలామంది రైతులు ఈ మాట విన్నప్పుడు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయం ఉంది. అయినా లెక్క మాత్రం అదే.

వివిధ దేశాల నిబంధనలు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. బ్రిటన్‌లో 2011లో మొదలైన వుడ్‌లాండ్ కార్బన్ కోడ్ అనే ప్రమాణం కొత్తగా ఏర్పరచిన వనాలకే వర్తిస్తుంది, పాత అడవికి వర్తించదు. న్యూజిలాండ్ ఉద్గారాల వ్యాపార పథకంలో 1989 డిసెంబరు 31 నాటికే అడవిగా ఉన్న భూమికి, అది ఎంత మంచి సహజ అడవి అయినా, క్రెడిట్లు రావు. ఆ తేదీ తర్వాత అడవిగా మారిన భూమికి వస్తాయి, అది నాటినదైనా తనంతట తాను మొలిచినదైనా సరే. అయితే కనీసం 1 హెక్టారు విస్తీర్ణం, సగటున కనీసం 30 మీటర్ల వెడల్పు, పెరిగాక 5 మీటర్ల ఎత్తు అందుకోగల జాతులు, వాటి కొమ్మల గొడుగు నేలలో 30 శాతానికి మించి కప్పడం అవసరం. మీ అడవి వాగు వెంట సాగిన పట్టీ కనుక, ఎక్కడ చేరినా వెడల్పు నిబంధన ఏమిటో ముందే అడగండి.

నరికివేతను ఆపినందుకు క్రెడిట్లు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. అక్కడ అడవికి నిజమైన ముప్పు ఉందని రుజువు చేయాలి. ఆ రుజువు దగ్గరే ఈ రంగానికి చెడ్డపేరు వచ్చింది. ఆస్ట్రేలియాలో నరకడానికి అనుమతి పొంది ఉన్న భూముల యజమానులకు, నరకకుండా ఆగినందుకు క్రెడిట్లు ఇచ్చారు. ఆ దేశ మాజీ ముఖ్య శాస్త్రవేత్త ఇయాన్ చబ్ నేతృత్వంలో 2022లో జరిగిన సమీక్ష, ఇకపై ఆ పద్ధతి కింద కొత్త ప్రాజెక్టులు నమోదు చేయవద్దని సిఫారసు చేసింది, ఎందుకంటే అనుమతి ఉన్నంత మాత్రాన ప్రతి యజమానీ నరికేవాడని చెప్పలేము. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 6 దేశాల్లోని 26 అటవీ రక్షణ ప్రాజెక్టులను పరిశీలించి, వాటిలో ఎక్కువ భాగం నరికివేతను చెప్పుకోదగినంతగా తగ్గించలేదనీ, తగ్గించినచోట కూడా చెప్పుకున్నదానికంటే తక్కువేననీ తేల్చింది. ఆ తర్వాత వెరా తన పద్ధతిని మార్చి, ఎవరి ప్రాజెక్టుకు వారు ముప్పును అంచనా వేసుకునే వీలు తగ్గించింది.

మీ విషయంలో నిజంగా అదనం అనదగినది ఆ అంచు 4 ఎకరాలే. పశువులను అక్కడి నుంచి తప్పిస్తే మీరు చెప్పిన ఆ కొరికిన మొలకలే అడవిగా లేస్తాయి. మీ చర్య లేకపోతే అవి అలాగే మోకాలి ఎత్తున ఉండిపోతాయి. ఆ తేడాను చూపించవచ్చు, కొలవవచ్చు, ఎవరి ముందైనా నిలబడి చెప్పవచ్చు. 12 ఎకరాలకూ క్రెడిట్లు వస్తాయని ఆ ప్రతినిధి అన్నారంటే, ఏ ప్రమాణం కింద, ఏ పద్ధతి ప్రకారం అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ ముసాయిదాను పక్కన పెట్టవచ్చు.

సమాధానం 2 (అడవుల కొలత పని చేసేవారు)

రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే ఇది మీరే సగం చేసుకోగల పని.

మీ అడవిలోకి ఒక టేపు తీసుకుని వెళ్లి, ఒక మధ్యరకం చెట్టు దగ్గర నిలబడి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం చుట్టూ టేపు పట్టండి. వాలులో చెట్టు ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవాలి. టేపు కింద తీగ గానీ, ఊడిన బెరడు గానీ పడకూడదు. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం; 3.14తో భాగిస్తే వ్యాసం 30 సెంటీమీటర్లు. ఎత్తు 15 మీటర్లు, కలప సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములు అనుకుందాం. ఉష్ణమండల వృక్షాలకు విరివిగా వాడే సమీకరణం ప్రకారం నేలపై భాగపు ఎండు బరువు సుమారు 440 కిలోలు వస్తుంది. అందులో కార్బన్ 47 శాతం, అంటే దాదాపు 206 కిలోలు. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44ను 12తో భాగించగా వచ్చే 3.67తో గుణిస్తారు. చివరికి తేలేది సుమారు 757 కిలోలు. రెండు చేతులతో వాటేసుకునేంత చెట్టు తన జీవితమంతా కూడబెట్టినది, వేళ్లను మినహాయిస్తే, ఒక్క క్రెడిట్‌కు కూడా సరిపోదన్నమాట.

పైగా ఆ 757 కిలోలు ఇదివరకే అక్కడ ఉన్నవి, వాటికి ఏమీ రాదు. లెక్కలోకి వచ్చేది ఇకమీదటి పెరుగుదల, అదీ మీ చర్య వల్ల వచ్చినదైతేనే. అదే చెట్టు ఒక ఏడాదిలో వ్యాసంలో అర సెంటీమీటరు, ఎత్తులో 10 సెంటీమీటర్లు పెరిగితే అదనంగా చేరేది 30 కిలోల కార్బన్ డయాక్సైడ్. అలాంటి చెట్లు 33 కలిస్తే ఏడాదికి ఒక టన్ను. ఈ లెక్క చేతిలో ఉంచుకుంటే, ఎవరు ఎంత పెద్ద సంఖ్య చెప్పినా మీరు తూచి చూసుకోగలరు.

అడవిలో ప్రతి చెట్టునూ కొలవనక్కరలేదు. 12.62 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే అది 500 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 20వ వంతు. అలాంటి వృత్తాలు కొన్నిటిని ముందుగా పటం మీద యాదృచ్ఛికంగా గుర్తించి, తర్వాత నేల మీద వెతుక్కుని కొలుస్తారు. చెట్లు దట్టంగా ఉన్నచోటే వృత్తం వేయాలనిపిస్తుంది, ఆ ఆశకు లొంగకూడదు. వాలు నేలలో తాడును నేల మీద పరచకుండా అడ్డంగా సమతలంలో పట్టాలి, లేకపోతే వృత్తం చిన్నదైపోతుంది. నేను కొత్తగా ఈ పనిలో చేరినప్పుడు రోజంతా వాలు మీద తాడు పరచి కొలిచి, మర్నాడు అన్నీ మళ్లీ కొలవవలసి వచ్చింది.

మీ అంచు నేలలో అడవి ఎంత వేగంగా లేస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. సహజంగా తిరిగి మొలిచే అడవులు కార్బన్‌ను పట్టే వేగం ప్రపంచవ్యాప్తంగా ఒకచోటికీ మరొకచోటికీ 100 రెట్ల దాకా తేడాగా ఉంటుందని 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. వాన, నేల, పక్కన విత్తనాలిచ్చే పెద్ద చెట్లు ఉన్నాయా లేదా అన్నవి ఎంతో మార్చేస్తాయి. మీకు ఆ పెద్ద చెట్లు పక్కనే ఉన్నాయి. ఆ 8 ఎకరాలు క్రెడిట్లు తేకపోవచ్చు గానీ, ఈ 4 ఎకరాలకు విత్తనం, నీడ, విత్తనాలు మోసే పక్షులు అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

సమాధానం 3 (ఒప్పందంలో ఉన్న రైతు)

నేను ఇలాంటి ఒప్పందం మీద సంతకం చేసి కొన్నేళ్లయింది. సంస్థ పేరు చెప్పను, నా అనుభవం మాత్రం చెబుతాను.

మా ముసాయిదాలో ఒకచోట "యజమాని ఆధీనంలోని భూమి" అని ఉంది. నేను అది అడవి ముక్క గురించేననుకున్నాను. తీరా చూస్తే నా మొత్తం పొలం మీద కార్బన్‌కు సంబంధించిన హక్కులన్నీ వారికే వెళ్లాయి. రేపు నేను పొలం గట్ల మీద చెట్లు పెంచినా, నేలలో సేంద్రియ కార్బన్ పెంచినా, ఆ లాభం గురించి మరొకరితో మాట్లాడే హక్కు నాకు లేదు. కనుక సర్వే నంబర్లు, హద్దులు, వీలైతే పటంతో సహా ఒప్పందంలోనే ఉండాలి. మొదటి సొమ్ము వెంటనే వస్తుందనుకున్నాను. మొక్కలు పెరిగి, కొలిచి, బయటి ఆడిటరు వచ్చి ధ్రువీకరించిన తర్వాతే క్రెడిట్లు జారీ అవుతాయని, దానికి ఏళ్లు పడుతుందని తర్వాత తెలిసింది. కంచె ఖర్చు మాత్రం మొదటి నెలలోనే నా చేతి నుంచి వెళ్లింది. మధ్యలో ఆ సంస్థ మా ఒప్పందాన్ని మరో సంస్థకు బదిలీ చేసింది. నన్ను అడగలేదు, అడగనక్కరలేదని నేనే సంతకం చేసి ఉన్నాను.

నాకు నిద్ర పట్టనివ్వనిది నిప్పు. మా అడవిలో ఒక వేసవి కొంత భాగం కాలిపోయింది. అప్పుడే ఒప్పందం తీసి, మన చేతిలో లేని నష్టం, మనం కావాలని చేసిన నష్టం అన్న రెండింటినీ అది విడదీసి చెప్పిందా అని వెతికాను. అదృష్టవశాత్తూ చెప్పింది. మంచి ప్రమాణాల్లో ఇలాంటి నష్టాల కోసం ప్రతి ప్రాజెక్టు క్రెడిట్లలో కొంత భాగాన్ని అమ్మకుండా ఉమ్మడి నిల్వలో ఉంచుతారు. పైన చెప్పిన బ్రిటన్ వుడ్‌లాండ్ కార్బన్ కోడ్‌లో అది 20 శాతం. మా ప్రాజెక్టుకు ఉన్న అలాంటి నిల్వ నుంచే మా నష్టం సర్దారు. అది లేని ఒప్పందం అయితే అమ్మిన క్రెడిట్లను నేనే తిరిగి కొని ఇవ్వవలసి వచ్చేది.

గడువు గురించి మీరు అడిగినది అసలైన ప్రశ్న. ఆస్ట్రేలియాలో 25 ఏళ్లు, 100 ఏళ్లు అని రెండు గడువులు పెట్టి, 25 ఏళ్లు ఎంచుకున్నవారికి 20 శాతం క్రెడిట్లు తగ్గించి ఇస్తారు. కాలిఫోర్నియాలో చివరి క్రెడిట్ జారీ అయిన తర్వాత కూడా 100 ఏళ్లపాటు బాధ్యత ఉంటుంది. సాధారణంగా భూమి అమ్మినా, వారసులకు వెళ్లినా ఆ బాధ్యత భూమితోపాటే వెళ్లేలా రాస్తారు. మీది ఉమ్మడి ఆస్తి అంటున్నారు కనుక హక్కుదారులందరూ చదివి సంతకం చేయకుండా ముందుకు వెళ్లకండి. మీ పిల్లలు పెద్దవారైతే వారిని కూడా కూర్చోబెట్టి చదివించండి. మీ సొంత వకీలుకు చూపించండి, సంస్థ ఇచ్చిన వకీలుకు కాదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ముసాయిదాను మళ్లీ తీసి చూశాను. నిజమే, హద్దుల ప్రస్తావన లేదు, "మొత్తం భూమి" అనే ఉంది. నష్టాల నిల్వ అన్న మాట ఎక్కడా కనిపించలేదు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. 4 ఎకరాలు అంటే హెక్టారున్నర పైచిలుకు మాత్రమే కదా, ఇంత చిన్న ముక్కకు ఆడిటరు ఖర్చులు భరించి ఏమైనా మిగులుతుందా? ఆ అంచుల్లో మా పశువులతోపాటు పక్క రైతుల పశువులు కూడా మేస్తాయి. వాటిని ఆపితే వారికి ఏం చెప్పాలి?

సమాధానం 1 (కార్బన్ ప్రాజెక్టుల పరిశీలనలో పనిచేసినవారు)

ఒంటరిగా అయితే మిగలదు, ఇది సూటిగా చెప్పడమే మంచిది. నమోదు, కొలత, ఆడిట్ ఖర్చులు విస్తీర్ణం ఎంతున్నా పెద్దగా తగ్గవు. అందుకే చిన్న రైతులు గుంపుగా చేరే ప్రాజెక్టులు ఉన్నాయి. ప్లాన్ వివో అనే ప్రమాణం అలాంటి వారికోసమే ఏర్పడింది. మెక్సికోలోని చియాపాస్ రైతులతో 1990ల చివర్లో మొదలైన ప్రాజెక్టు దానికి మూలం. క్రెడిట్ల అమ్మకంలో కనీసం 60 శాతం రైతులకు, స్థానిక సమూహాలకు చేరాలని ఆ ప్రమాణం నిర్దేశిస్తుంది. మీకు వచ్చిన ముసాయిదాలో మీ వాటా ఎంతో ఆ 60 శాతంతో పోల్చి చూడండి. వాటాను స్థూల అమ్మకం మీద లెక్కిస్తున్నారా, ఖర్చులు తీసేశాక మిగిలిన దాని మీదా అన్నది కూడా చూడండి, ఎందుకంటే రెండో పద్ధతిలో ఖర్చులు రాసేది వారే.

పశువుల విషయంలో మీ సందేహం చాలా విలువైనది. మీ అంచులో మేత ఆపినప్పుడు ఆ పశువులన్నీ వెళ్లి మరో అడవి అంచున మేస్తే, ఇక్కడ పెరిగినది అక్కడ తరిగిపోతుంది. దీన్ని లీకేజీ అంటారు, దాన్ని క్రెడిట్ల నుంచి తీసివేస్తారు. పశువులకు ప్రత్యామ్నాయ మేత చూపించకుండా కంచె వేస్తే పొరుగువారితో తగవు మిగులుతుంది, లెక్కలోనూ కోత పడుతుంది.

సమాధానం 4 (సహజ పునరుద్ధరణ చేస్తున్న రైతు)

మేము క్రెడిట్ల జోలికి వెళ్లకుండానే ఇలాంటి అంచును అడవిగా మార్చుకున్నాం కనుక పని గురించి నాలుగు మాటలు చెబుతాను. మొత్తం ఒకేసారి కంచె వేయకండి. ముందు ఒక ఎకరం మూయండి, మిగతాది మేతకు వదలండి. పొరుగువారితో కలిసి కూర్చుని, మూసిన ఎకరంలో గడ్డిని కోసుకుని పోవడానికి వారికి అనుమతి ఇవ్వండి. గడ్డి కోస్తే నిప్పు భయం తగ్గుతుంది, మొలకలకు వెలుతురు అందుతుంది, వారికి మేత దొరుకుతుంది. కొడవలి పట్టేముందు మాత్రం ప్రతి మొలక పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టాలి, లేకపోతే గడ్డితోపాటు అవీ పోతాయి. మొదటి ఏడాది మేము ఆ తప్పు చేసి చాలా మొలకలు పోగొట్టుకున్నాం.

మూసిన తర్వాత నాటాలని తొందరపడకండి. కొరికిన మొలక కింద వేళ్లు చాలా పాతవి, బలమైనవి. ఒక్క వానాకాలం వదిలితే మొదలు నుంచి నాలుగైదు చిగుళ్లు వస్తాయి. వాటిలో నిటారుగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తే నాటిన మొక్కకంటే వేగంగా లేస్తుంది. బయటి నుంచి వచ్చి అల్లుకునే కలుపు పొదలను వేళ్లతో సహా పెకలించడమే అసలు శ్రమ. పడిపోయిన కొమ్మలను, మోడులను అక్కడే వదిలేయండి.

సమాధానం 5

ఒక్క సంగతి అడగదలచాను. మీ క్రెడిట్ కొన్నవారు దాన్ని ఏం చేస్తారో ఆలోచించారా? చాలా సందర్భాల్లో, వారు వెలువరించే ఒక టన్నుకు బదులుగా మీ టన్నును చూపించుకుంటారు. మీ టన్ను నిజమైతే లెక్క సరిపోతుంది. మీరు నరకాలని ఏనాడూ అనుకోని 8 ఎకరాలకు క్రెడిట్లు తీసుకుంటే, వారి పొగ గాలిలో నిజంగా చేరుతుంది, మీ వైపు తగ్గింది మాత్రం ఏమీ ఉండదు. సంతకం మీది కనుక దానికి మీరూ బాధ్యులవుతారు. కనుక కొనుగోలుదారు ఎవరో తెలుసుకునే హక్కు, కాదనే హక్కు ఒప్పందంలో అడగండి. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఈ చివరి మాట గురించి ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. 8 ఎకరాలను ఏ లెక్కలోనూ చేర్చకూడదని మా అన్నదమ్ములమంతా ఒప్పుకున్నాం. ప్రతినిధికి ఫోన్ చేసి ఏ ప్రమాణం, ఏ పద్ధతి, నిల్వ ఎంత శాతం, వాటా దేని మీద అని అడిగాను. ప్రాజెక్టు పత్రం పంపమని రాతపూర్వకంగా కూడా కోరాను. వారం గడిచింది, ఇంకా రాలేదు. వచ్చేదాకా సంతకం లేదు.

పక్క రైతులతో ఆదివారం మాట్లాడాను. గడ్డి కోసుకునే ఏర్పాటుకు ఇద్దరు వెంటనే సరే అన్నారు, మూడో ఆయన ఆలోచించి చెబుతానన్నారు. ఈ వానలకు ముందే ఎత్తుగా ఉన్న వైపు ఒక ఎకరం మూస్తున్నాం. నిన్న మా అమ్మాయీ నేనూ అక్కడ 12.62 మీటర్ల తాడుతో ఒక వృత్తం వేసి, అందులోని కొరికిన మొలకలను లెక్కపెట్టి పుల్లలు గుచ్చాం. 61 ఉన్నాయి. వాలు మీద తాడును సమంగా పట్టడానికి ఆ అమ్మాయి కింది వైపున నిలబడి చెయ్యి తలపైకి ఎత్తవలసి వచ్చింది. వచ్చే ఏడాది ఇదే వృత్తంలో మళ్లీ కొలిచి, ఫలితం ఇక్కడే రాస్తాను.